వారానికి రెండు సార్లు ఆకుకూర పప్పు కావాలంటే ఎన్ని టబ్బులు వెయ్యాలి

మేడ మీద మొక్కలు మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ముందు అడిగేది మట్టి గురించే. ఏ మట్టి కలపాలి, ఏ ఎరువు వెయ్యాలి, యూట్యూబ్ లో చూపించిన ఫలానా ద్రావణం నిజంగా పనిచేస్తుందా అని. ఆకుకూరల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరేనండీ. మట్టి ఓ మాదిరిగా ఉన్నా తోటకూర వచ్చేస్తుంది, మెంతులైతే తడిగుడ్డలో కట్టినా మొలుస్తాయి. తేడా వచ్చేది లెక్క దగ్గర. చాలామంది ఓ ఆదివారం నర్సరీకి వెళ్ళి పది గ్రో బ్యాగులు, పది రకాల విత్తనాల ప్యాకెట్లు తెచ్చి అదే రోజు అన్నీ చల్లేస్తారు, నెల తిరిగేసరికి అంతా ఒకేసారి కోతకొస్తుంది, ఆ వారమంతా ఇంట్లో తోటకూర పప్పు, తోటకూర వేపుడు, తోటకూర పులుసు, పక్క ఫ్లాట్ వాళ్ళకి ఓ కవర్, వాచ్‌మన్ కి ఓ కవర్, ఆ తర్వాత నెలన్నర పాటు టబ్బులన్నీ బోడిగా ఎండుతూ ఉంటాయి, చివరికి "ఆకుకూరలు మా చేతికి అచ్చిరావండీ" అని టబ్బులు ఎవరికో ఇచ్చేస్తారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు, అన్నీ ఒకే రోజు చల్లడం వల్ల వచ్చిన తంటా.

లెక్క ఇలా వేసుకోండి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు టబ్బు ఒకటి. అందులో ఒత్తుగా చల్లిన తోటకూర నాలుగు వారాల్లో పావు కిలో పైనే వస్తుంది, ఎండా ఎరువూ కుదిరితే మూడు వందల గ్రాములు. అంటే నలుగురున్న ఇంట్లో ఒక పూట పప్పుకి సరిగ్గా సరిపోతుంది. వారానికి రెండు సార్లు ఆకుకూర వండాలి, విత్తనం నుంచి కోతకి నాలుగు వారాలు పడుతుంది, అంటే ఎనిమిది టబ్బులు. ఎనిమిదీ ఒకే రోజు కాదు, వారానికి రెండు చొప్పున చల్లుకుంటూ పోవాలి. నాలుగో వారం అయ్యేసరికి మొదటి రెండూ కోతకొస్తాయి, కోసి మళ్ళీ చల్లడం, అలా తిరుగుతూ ఉంటుంది. తోటకూర, పాలకూర లాంటివి ఒకసారి కోసినా మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి నిజానికి ఆరు టబ్బులతోనే సరిపెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఆదివారం, బుధవారం విత్తనాలు చల్లే రోజులు, మర్చిపోకుండా ఫోన్ లో రిమైండర్ పెట్టుకున్నా, పాల ప్యాకెట్ వాళ్ళకి డబ్బులు కట్టే రిమైండర్ పక్కనే ఉంటుంది అది.

డబ్బులు మిగులుతాయా అంటే, మిగలవు. రైతు బజార్ లో ఆకుకూర కంటే చవకైంది ఏముంది చెప్పండి. టబ్బులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీ కంపోస్ట్ ఖర్చు కట్టలు కొనుక్కునే డబ్బులతో పోలిస్తే ఎప్పటికి తీరుతుందో దేవుడికే తెలియాలి. మరి ఎందుకు పెంచడం అంటే, ఒకటి, హైదరాబాద్ లో ఉంటూ మురుగు కలిసిన మూసీ నీళ్ళతో పండే ఆకుకూరల సంగతి తెలియనివాళ్ళు లేరు, కట్ట చూసి అది ఏ నీళ్ళతో పెరిగిందో చెప్పలేం. రెండోది, చుక్కకూర, కొత్తిమీర, దుంప బచ్చలి లాంటివి పొద్దున కొంటే సాయంత్రానికి వాడిపోతాయి. మూడోది, పొన్నగంటి కూర, గంగవాయిలి, తీగ బచ్చలి లాంటివి కావాలన్న రోజున మార్కెట్లో దొరకవు, దొరికిన రోజున మనకి వండే ఓపిక ఉండదు. అందుకని నా సలహా ఏంటంటే, వీధి చివర రోజూ తాజాగా దొరికేదాని కోసం మేడ మీద చోటు దండగ చెయ్యకండి. మాకు గోంగూర బండి ఇంటి ముందుకే వస్తుంది కాబట్టి ఎండాకాలం రెండు మొక్కలు తప్ప గోంగూర పెంచను.

ఇక టబ్బుల సంగతి. ఆకుకూరకి లోతు కంటే వెడల్పు ముఖ్యం. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ లో వంగ మొక్క బ్రహ్మాండంగా వస్తుంది కానీ ఆకుకూరకి అది దండగ, నోరు అడుగు వెడల్పే, లోపల అంత మట్టి నింపి పైన గుప్పెడు కూర తీస్తాం. అదే మట్టి వెడల్పాటి టబ్బులో పరిస్తే రెట్టింపు కూర. మెంతికూరకి, కొత్తిమీరకి ఆరు అంగుళాల లోతు చాలు, తోటకూర, పాలకూరకి ఎనిమిది అంగుళాలు, గోంగూరని చెట్టుగా పెంచి ఆకు తెంపుకుందాం అంటే మాత్రం అడుగు లోతు కావాలి. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పగిలితే పడుకోబెట్టి నిలువునా కోసుకోండి, రెండు టబ్బులు అయిపోతాయి. చేపల మార్కెట్ దగ్గర, పళ్ళ హోల్‌సేల్ వాళ్ళ దగ్గర థర్మాకోల్ పెట్టెలు దొరుకుతాయి, నాకు అన్నిటికంటే నచ్చినవి అవే. ఎందుకంటే మే నెలలో నల్ల ప్లాస్టిక్ టబ్ పక్క మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, వేళ్ళు ఉడికిపోతాయి, థర్మాకోల్ లో మాత్రం మట్టి చల్లగా ఉంటుంది. రెండేళ్ళకి ఎండకి పెళుసెక్కి పొరలు రాలతాయి, అది దాని మైనస్, ఆ ముక్కలు డ్రైన్ పైపులోకి పోకుండా చూసుకోవాలి. పళ్ళ ప్లాస్టిక్ ట్రేలకి లోపల పాత బియ్యం బస్తా పరిచి మట్టి నింపినా బాగుంటుంది. ఏది వాడినా కింద బెజ్జాలు మాత్రం ధారాళంగా పెట్టండి, ఇనుప కడ్డీ కాల్చి గుచ్చితే చక్కగా పడతాయి. టబ్బు నేల మీద కాకుండా ఇటుకల మీద పెడితే నీళ్ళు నిలవవు, శ్లాబ్ మీద తడి ఆగదు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్ లో "టెర్రస్ లీకేజీ ఎవరి వల్ల" అనే చర్చ మొదలైనప్పుడు మన పేరు రాదు.

బరువు గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతా. తడి ఎర్రమట్టి లీటరుకి కిలోన్నర పైనే తూగుతుంది. నేను చెప్పిన సైజు టబ్బు ఎనిమిది అంగుళాల లోతు నింపితే 36 లీటర్లు, అంటే అచ్చం మట్టి అయితే యాభై అయిదు, అరవై కిలోలు. మనుషులు తిరిగే మేడలకి మామూలుగా డిజైన్ లో తీసుకునే లోడ్ చదరపు మీటరుకి 150 కిలోలు. టబ్బులు ఒకదానికొకటి ఆనించి పరిచేస్తే చదరపు మీటరుకి మూడు వందల కిలోలు సునాయాసంగా దాటిపోతుంది. అందుకే మధ్యలో గుంపుగా పెట్టకుండా పిట్టగోడ వెంబడి, బీములు పోయిన లైన్ మీద ఒకటే వరసగా పెట్టుకోవాలి, మట్టిలో కోకోపీట్, కంపోస్ట్ కలిపితే మూడో వంతు బరువు తగ్గుతుంది. పాత బిల్డింగ్ అయితే ఇంజనీర్ ని అడిగాకే మొదలుపెట్టండి, ఇందులో మొహమాటం లేదు.

మట్టి కలిపేది సింపుల్. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు వర్మీ కంపోస్ట్ లేదా బాగా మాగిన పశువుల ఎరువు, టబ్బుకి ఓ గుప్పెడు వేపపిండి. కోకోపీట్ దిమ్మ అయిదు కిలోలది నానబెడితే అరవై లీటర్ల పైనే పొంగుతుంది, దాన్ని నానబెట్టి అలాగే వాడకండి, కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. మొదటి నీళ్ళు చిక్కటి టీ డికాషన్ రంగులో దిగుతాయి, అవి వంచేసి మళ్ళీ నీళ్ళు పోసి వంచెయ్యాలి, రంగు పల్చబడేదాకా. ఇది చెయ్యని టబ్బుల్లో మొలకలు వచ్చినా ఆకు అంచులు మాడినట్టు అయిపోతాయి. పశువుల ఎరువు అయితే ముట్టుకుంటే పొడిపొడిగా ఉండాలి, వాసన మట్టి వాసన రావాలి. పచ్చి పేడ మాత్రం వద్దే వద్దు, మొక్క మాడడం సంగతి అటుంచండి, నేలకి ఆనుకుని పెరిగే ఆకు, కొత్తిమీర పచ్చిగానే తింటాం, అందులో ఉండే సూక్ష్మజీవులు నేరుగా మన కడుపులోకి వస్తాయి. జీవామృతం అనే పేడ ద్రావణం పోసే అలవాటు ఉన్నవాళ్ళు కూడా అంతే, మొక్క మొదట్లో పొయ్యండి, ఆకుల మీద పడకుండా పొయ్యండి, కోతకి వారం ముందు ఆపెయ్యండి. అసలు ఆరు టబ్బులకి రెండు వందల లీటర్ల డ్రమ్ములో ఆవు పేడ, బెల్లం, శనగపిండి కలిపి రోజూ కర్రతో తిప్పడం ఎందుకో నాకు అర్థం కాదు, అది ఎకరాలున్న రైతు కోసం. యూరియా చిటికెడు వేస్తే నాలుగు రోజుల్లో నిగనిగలాడుతుంది అని మా గ్రూప్ లో ఒకాయన ఎప్పుడూ చెప్తుంటారు, నిగనిగలాడుతుంది నిజమే, నత్రజని ఎక్కువైతే ఆ నైట్రేట్ అంతా ఆకులోనే చేరుతుంది, ఆ ఆకు తినేది మనం.

ఇప్పుడు తోటకూర. ఒక్క ఆకుకూరే పెంచుతాను అనేవాళ్ళు ఇదే పెంచండి. హైదరాబాద్ ఎండకి మిగతావన్నీ తలలు వాలుస్తుంటే ఇది మాత్రం పెరుగుతూనే ఉంటుంది, కారణం ఏంటంటే మొక్కజొన్న, చెరకు మాదిరిగా ఇది కూడా సీ ఫోర్ రకం మొక్క, ఎండ వేడిలో కూడా తక్కువ నీళ్ళతో ఆహారం తయారు చేసుకోగలదు. విత్తనం ఆవగింజలో పావు వంతు ఉంటుంది, చేత్తో చల్లితే ఒకే చోట కుప్ప పడుతుంది కాబట్టి గుప్పెడు పొడి ఇసకలో చిటికెడు విత్తనం కలిపి చల్లాలి, పైన పల్చగా కంపోస్ట్ జల్లి, తడి గోనెసంచి కప్పండి. కప్పకపోతే చీమలు ఒక్కో గింజా మోసుకుపోతాయి, చూస్తూ ఉంటే తెలుస్తుంది, టబ్బు అంచు మీద నల్లని గింజలు వరసలో నడిచి వెళ్తుంటాయి. మూడో రోజో నాలుగో రోజో మొలక కనపడగానే సంచి తీసెయ్యాలి, ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి పొడుగ్గా సాగి పడిపోతాయి. రెండు వారాలకి ఒత్తుగా ఉన్నచోట వేళ్ళతో సహా పీకండి, ఆ లేత కూర వేపుడుకి. మిగిలినవి జానెడు పైన ఎదిగాక కత్తిరించాలి, పీకద్దు. ఎక్కడ కత్తిరించాలి అంటే, మట్టి నుంచి రెండు మూడు అంగుళాలు వదిలి, కాండం మీద కనీసం రెండు కణుపులు మిగిలేలా. ఆ కణుపుల్లోంచి అటొకటి ఇటొకటి పిలకలు వస్తాయి, పదిహేను రోజులకి మళ్ళీ కోత. మూడు కోతలు తీశాక మొక్క పూతకి వెళ్ళిపోతుంది, కాడ నారలు తేలుతుంది, ఇంక పీకేసి కొత్తది వెయ్యడమే. మళ్ళీ మళ్ళీ కోసుకునే రకం కావాలంటే బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క సుగుణ మంచిది, ఎర్రది కావాలంటే వాళ్ళదే అర్క అరుణిమ. పులుసులోకి పొడుగ్గా మెత్తగా ఉండే కాడలు కావాలంటే మాత్రం మన పెరుగు తోటకూర వెయ్యాలి, దానికి టబ్బులో కొంచెం దూరం దూరంగా చోటివ్వాలి.

కొత్తిమీర దగ్గరే ఎక్కువమంది విసిగిపోయేది. ధనియం చూడ్డానికి ఒక గింజ కానీ లోపల రెండు విత్తనాలు ఉంటాయి, పైన గట్టి పెంకు. మా అత్తయ్య గారిది తెనాలి దగ్గర, ఆవిడ నేను ప్యాకెట్ విప్పి చల్లబోతుంటే చూసి, "అలా చల్లేస్తే ఎప్పటికి మొలుస్తాయమ్మా, చపాతీ పీట మీద వేసి కర్రతో మెల్లిగా ఒక్కసారి దొర్లించు, బద్దలవ్వాలి కానీ పొడవ్వకూడదు" అన్నారు. అదే అసలు టెక్నిక్. చెవి పెట్టి వింటే టిక్ మని చిన్న చప్పుడు, ధనియం రెండు బద్దలుగా విడిపోతుంది, అక్కడితో ఆపాలి. రాత్రంతా నానబెట్టి పొద్దున చల్లితే వారం నుంచి పది రోజుల్లో మొలుస్తాయి. వంటింటి ధనియాలు కూడా మొలుస్తాయి కానీ డబ్బాలో ఏడాది నుంచి మగ్గుతున్నవి కాదు, వేయించినవి అసలు కాదు. ఇంకో సంగతి, కొత్తిమీర కోస్తే తోటకూరలాగా గుబురుగా తిరిగి రాదు, ఒక కోత, బతిమాలితే రెండో కోత, అంతే. అందుకే దీనికి పెద్ద టబ్బు వద్దు, చిన్న చిన్న డబ్బాలు నాలుగు పెట్టుకుని పది రోజులకొకటి చల్లుకుంటూ ఉండండి. మార్చి తర్వాత వేస్తే రెండంగుళాలు పెరగగానే ఆకు సన్నగా మారి పూత వచ్చేస్తుంది, అది మన తప్పు కాదు, దాని గుణం అంతే. ఆ నాలుగు నెలలు కొనుక్కుందాం, పోయేదేముంది.

పాలకూర గింజ ముడుచుకుపోయినట్టు గరుకుగా ఉంటుంది, అది నిజానికి ఒకే గింజ కాదు, రెండు మూడు విత్తనాలు కలిసిన గుత్తి, కాబట్టి ఒక్కో చోట మూడేసి మొలకలు వస్తే కంగారు పడకండి, బలంగా ఉన్నది ఉంచి మిగతావి గిల్లెయ్యండి. చలికాలం పంట ఇది. నడి చిగురు వదిలేసి బయటి ఆకులు తెంపుకుంటూ ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అవే మొక్కలు ఇస్తూనే ఉంటాయి. చుక్కకూర కూడా ఇదే పద్ధతి, ఇదే సీజన్. మెంతికూర గురించి చెప్పేదేం లేదు, పోపుల డబ్బాలో మెంతులు తీసి నానబెట్టి చల్లండి, మూడో రోజు మొలక, మూడు వారాలకి కూర. పుదీనా మార్కెట్ కట్టలోంచి కాస్త ముదురు కాడలు నాలుగు తీసి గుచ్చండి, నీడపాటున పెట్టండి, వేరే టబ్బులో పెట్టండి, పక్క మొక్కల్ని బతకనివ్వదు.

బచ్చలి మీద మాత్రం నాకు పక్షపాతం ఉంది. తీగ బచ్చలి కాడ ముక్క జానెడు తెచ్చి గుచ్చితే చాలు, వారం పది రోజుల్లో వేరు పట్టి బాల్కనీ గ్రిల్ పట్టుకుని పాకడం మొదలుపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అన్నీ చచ్చిపోతున్నప్పుడు నీళ్ళు సరిగ్గా పోస్తే చాలు, అరచేయంత ఆకులు వేస్తుంది. కొనలు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వస్తాయి, తుంచకపోతే తీగ పైకి పోయి ఆకు చిన్నదైపోతుంది. పండిన కాయలు నలిపితే చెయ్యంతా ఊదారంగు, పిల్లలకి అదో ఆట, ఆ కాయలు రాలి తొలకరికి వాటంతటవే మొలుస్తాయి. కంద బచ్చలి ఆవపెట్టి వండుకునేవాళ్ళకి నేను ఇంక దీని గొప్పతనం చెప్పక్కర్లేదు. పొన్నగంటి కూర కూడా ఇలాగే, కాడ నేలకి తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది, లోతు లేని వెడల్పాటి బేసిన్ చాలు, తడి బాగా ఉండాలి, సగం నీడ అయినా ఫర్వాలేదు.

వెయ్యకుండా వచ్చే కూర ఒకటుంది, గంగవాయిలి. మా ఆయన ఓ రోజు ఉత్సాహంగా కలుపు తీస్తానని కూర్చుని దాన్ని పీకి కుప్ప వేస్తుంటే కింద ఫ్లాట్ వరంగల్ ఆంటీ బట్టలు ఆరేయడానికి వచ్చి, "అయ్యో, గంగవాయిలి కూర పారేస్తున్నవా బిడ్డా, ఇటియ్యి, పప్పుల ఏసుకుంట, చింతపండు గూడ తక్కువ పడుతది" అని చీర కొంగులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం గిన్నెలో పప్పు పంపించారు, పుల్లపుల్లగా, ఆకు కొంచెం జిగురుగా, భలే ఉంది. అప్పట్నుంచి ఆ మొక్కకి మా మేడ మీద టబ్బుల్లో చోటుంది. ఒక్క జాగ్రత్త, ఇలాగే నేల మీద పాకే ఇంకో కలుపు మొక్క ఉంటుంది, కాడ తుంచితే తెల్లటి పాలు కారుతుంది, అది తినకూడదు. గంగవాయిలి కాడ లావుగా నీరు పట్టినట్టు ఉంటుంది, తుంచితే పాలు రావు.

పురుగులూ తెగుళ్ళ విషయానికొస్తే, ఆకుకూరల మీద స్ప్రే కొట్టడం అంటే నాకు చిరాకు, తినేది ఆకే కదా. వేపనూనె లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు వేసి కొట్టొచ్చు, కానీ కొట్టాక వారం దాకా కొయ్యకూడదు, కోశాక కూడా ఆ చేదు వాసన ఒక పట్టాన వదలదు. నాలుగు వారాల పంటకి అంత రాద్ధాంతం దేనికి, చేత్తో ఏరేస్తే పోయేవే ఎక్కువ. తోటకూర ఆకు మడిచి లోపల సన్నటి గూడు అల్లుకుని ఆకుపచ్చ పురుగు ఉంటుంది, ఆ మడత వేళ్ళ మధ్య నొక్కెయ్యడమే. పాలకూర మీద తెల్లటి వంకర గీతలు కనపడితే అది పాముపొడ, ఆకు రెండు పొరల మధ్య పురుగు తింటూ పోయిన దారి అది, స్ప్రే లోపలికి సరిగ్గా తగలదు, ఆ ఆకులు తుంచి పారెయ్యండి. కొత్తిమీరకి చలికాలం చివర్లో పేనుబంక వస్తుంది, నీళ్ళ పైపు జోరుగా కొడితే సగం పోతుంది. వానాకాలంలో మాత్రం తోటకూర ఆకు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. పైన పసుపు మచ్చ ఉంటుంది, పెద్దగా పట్టించుకోం, తిప్పితే అడుగున సరిగ్గా ఆ మచ్చ కిందే తెల్లటి పొక్కులు, సున్నం చుక్కలు పెట్టినట్టు. తెల్ల తుప్పు అంటారు దాన్ని, ఆకుల మీద తడి ఆగితే వస్తుంది, ఒత్తుగా ఉంటే టబ్బంతా పాకుతుంది. ఆ ఆకులు తీసి బయట పారెయ్యాలి, కంపోస్ట్ డబ్బాలో కాదు, నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పొయ్యాలి, సాయంత్రం తలస్నానాలు చేయించకూడదు. మొలకలు మొదలు దగ్గర నల్లబడి టపటపా పడిపోతుంటే నారుకుళ్ళు, అది నీళ్ళు ఎక్కువై, విత్తనం మరీ ఒత్తుగా పడి వచ్చేది. వీటన్నిటికంటే పెద్ద శత్రువు పావురం అని నా గట్టి నమ్మకం, లేత మొలకలు కొరుక్కుని పోతుంది, ఇంకా తిన్నది చాలక మట్టిలో దిగి పొర్లుతుంది. మందంగా ఉండే వైరు వంచి టబ్బుకి రెండు ఆర్చీలు గుచ్చి పైన దోమతెర ముక్క కప్పితే గొడవ వదిలింది, సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడం కూడా ఆగుతుంది.

ఎండాకాలం గ్రీన్ షేడ్ నెట్ 50 శాతంది చాలు, అంతకంటే చిక్కటిది కడితే మొక్కలు వెలుతురు కోసం సాగిపోతాయి. ప్రతి పంటకీ మట్టి మార్చక్కర్లేదు, పాత వేళ్ళు దులిపి, రెండు మూడు గుప్పెళ్ళ కంపోస్ట్ కలిపి, వేరే కూర వేస్తే సరి. ఖాళీగా ఉన్న టబ్బుల మట్టి మే నెలలో నల్ల కవర్ మీద పల్చగా పరిచి, తడిపి, పైన ప్లాస్టిక్ షీట్ కప్పి ఎండబెడితే సగం రోగాలు అక్కడే పోతాయి. బాల్కనీలో మూడు నాలుగు గంటల ఎండే వస్తుంది అనేవాళ్ళు మెంతికూర, పుదీనా, పొన్నగంటి, చలికాలంలో కొత్తిమీర వేసుకోండి, తోటకూర జోలికి వెళ్ళకండి, పాలిపోయిన కాడలు తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు అక్టోబర్ నడుస్తోంది, వానలు వెనక్కి తగ్గాయి, ఏడాదిలో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి టైం లేదు. ఈ ఆదివారం ఒక టబ్బులో పాలకూర, ఒక చిన్న డబ్బాలో కొత్తిమీర, బుధవారం మెంతికూర, వచ్చే ఆదివారం తోటకూర, ఆ బుధవారం చుక్కకూర, అలా వెళ్ళండి. మూడో వారం మెంతికూర కోసుకునే సమయానికి మిగతావి ఒకదాని వెనక ఒకటి లైన్ లో ఉంటాయి. గోంగూర మాత్రం ఇప్పుడు చెట్టుగా పెంచుదాం అని వెయ్యకండి, పగలు చిన్నదయ్యే కొద్దీ పూతకి వచ్చేసే మొక్క అది, జానెడు ఎత్తు ఉండగానే పూలు పూసి ఆకు తగ్గిపోతుంది. బండి మీద కట్టల్లో ఏడాది పొడుగునా ఎలా దొరుకుతుంది అంటారా, వాళ్ళు ఒత్తుగా చల్లి పూత రాకముందే వేళ్ళతో సహా పీకేస్తారు కాబట్టి. అలా అయితే మీరూ ఇప్పుడే వేసుకోవచ్చు, చెట్టు కావాలంటే ఎండాకాలం దాకా ఆగండి.